చంద్రోదయానికి జట్టుగా బయల్దేరుతున్నారా? ముందు ఏ గట్టో తేల్చుకోండి

కార్తీకం దగ్గరపడేసరికి మొదలవుతుంది. "పున్నమికి ఓ పాతికమందిమి కలిసి వెళ్దామనుకుంటున్నామండి, ఎక్కడికెళ్తే బాగుంటుంది, ఎన్నింటికి లేస్తాడు?" మాఘంలో మళ్లీ ఇదే, హోలీకి మళ్లీ ఇదే. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు అంతా ఒకచోట రాసేస్తున్నాను.

అందరూ టైము అడుగుతారు. టైము చెప్పడం తేలికే. మన గోదావరి డెల్టాలో చంద్రోదయం తప్పిపోయేది చాలావరకు నిలబడ్డ చోటు వల్ల. నదికి ఏ పక్క గట్టున ఉన్నారు, తూర్పున కొబ్బరిచెట్లు ఎంత ఎత్తున అడ్డున్నాయి, ఆ నెలలో చంద్రుడు తూర్పుకి ఎటు జరిగి లేస్తాడు: ఈ మూడూ సరిపోతే మిగతాది నడిచిపోతుంది.

కింద చెప్పిందంతా పదిమంది నుంచి ముప్పైమంది దాకా ఉన్న జట్టుకి. అంతకు మించితే రెండు జట్లు చేసుకోండి, ఒక్కో జట్టుకి ఒక్కో పెద్దని పెట్టండి.

ఏమేం కావాలి

- సూర్యాస్తమయం, చంద్రోదయం వేళలు. మీ ఊరు పేరు కొడితే చెప్పే యాప్ అయినా సరే, దగ్గర్లోని ఊరి లెక్కతో వేసిన పంచాంగమైనా సరే.
- ఫోనులో దిక్సూచి.
- కూర్చోడానికి చాపలు, కింద పరవడానికి ఓ బరకం. గట్ల మీద సాయంత్రానికే మంచు దిగి గడ్డి తడుస్తుంది, ఉత్త చాప చాలదు.
- నలుగురికి ఒక టార్చిలైటు. అద్దానికి ఎర్ర గ్లాసు కాగితం రెండు మడతలేసి రబ్బరుబ్యాండు చుట్టండి, కళ్లు చీకటికి అలవాటుపడ్డది చెడదు.
- దోమల మందు. ఇది మర్చిపోతే మిగతావన్నీ ఉన్నా అరగంటకే "పదండి పోదాం" అంటారు.
- నీళ్ల పక్కన కూర్చునేటట్టయితే పొడవాటి గట్టి తాడు, గాలి నింపిన లారీ ట్యూబు ఒకటి.
- మంచినీళ్లు, చెత్తకి రెండు గోనెసంచులు.
- తిండి: పులిహోర, దద్దోజనం, వేయించిన వేరుశెనగకాయలు. చేత్తో తినేవే పెట్టుకోండి. చీకట్లో సాంబారు వడ్డించే ఆలోచన మానుకోండి.

టెలిస్కోపు అక్కర్లేదు. బైనాక్యులర్లు ఎవరి దగ్గరైనా ఉంటే ఒకటి చాలు, పిల్లలు వంతులేసుకుంటారు.

1. ఏ సాయంత్రమో తేల్చుకోండి

పంచాంగంలో పౌర్ణమి తిథి ఎప్పుడు మొదలైందో వదిలేయండి, ఎప్పుడు ముగుస్తోందో చూడండి. చంద్రుడు సూర్యుడికి సరిగ్గా ఎదురుగా వచ్చే క్షణం అదే. రోజుకి సుమారు 50 నిమిషాల చొప్పున చంద్రోదయం వెనక్కి జరుగుతుంది కాబట్టి లెక్క ఇలా పడుతుంది.

తిథి పగటిపూట ముగిస్తే ఆ సాయంత్రమే వెళ్లండి. అప్పటికి పాడ్యమి వచ్చేసి ఉంటుంది. ఇంట్లో పెద్దవాళ్లు "పున్నమి నిన్ననే అయిపోయిందిగా" అంటారు. వ్రతానికి నిన్నటిదే సరైనది, చూడటానికి మాత్రం ఇవాళ్టిదే. పొద్దుకుంకిన తర్వాత అరగంట లోపు, ఆకాశం ఇంకా పూర్తిగా నల్లబడకముందే చంద్రుడు లేస్తాడు. జట్టుకి ఇంతకంటే మంచి సాయంత్రం లేదు.

తిథి రాత్రిపూట ముగిస్తే రెండు దారులున్నాయి. ఆ సాయంత్రం వెళ్తే సూర్యుడు ఇంకా కుంకకుండానే చంద్రుడు లేస్తాడు. వెలుతుర్లో వెలిసిపోయినట్టు ఉంటాడు, మొదటి పావుగంట అసలు కనబడకపోవచ్చు. మర్నాడు వెళ్తే బాగా చీకటిపడ్డాక, పొద్దుకుంకిన అరగంట నుంచి 50 నిమిషాల మధ్యలో, ఎర్రగా లేస్తాడు. చిన్నపిల్లలు, మోకాళ్ల నొప్పుల వాళ్లు ఉంటే మొదటి సాయంత్రం. కాలేజీ కుర్రాళ్ల జట్టయితే మర్నాడు. నన్నడిగితే రెండోదే అందం. కానీ కొత్తచోట, చీకట్లో, ముప్పైమందితో అంటే వద్దంటాను.

ఈ నిమిషాలు నెలని బట్టి ఓ పది అటూ ఇటూ అవుతాయి. అసలు వేళ యాప్‌లో చూసుకోండి. ఒక రోజు ముందైనా వెనకైనా కంటికి గుండ్రంగానే కనబడతాడు, దాని గురించి బెంగ వద్దు.

నెల ఎంచుకునే వీలుంటే మొదటిసారి వెళ్లేవాళ్లకి మాఘం, ఫాల్గుణం, చైత్రం మంచివి. కార్తీక పౌర్ణమి పేరు గొప్పదే గానీ, అది తుపాన్ల కాలం. పైగా ద్రాక్షారామం, పాలకొల్లు, భీమవరం, సామర్లకోట, అంటే పంచారామాల్లో నాలుగు మన చుట్టుపక్కలే ఉండటంతో ఆ సాయంత్రం రోడ్ల మీద బండి కదలదు. భీమవరం గునుపూడి సోమారామంలో శివలింగం పున్నమికి తెల్లగా, అమావాస్యకి నల్లగా ఉంటుందంటారు. ఆ గుడి చూసుకుని అటునుంచటే చంద్రోదయానికి వెళ్దామని చాలామంది అనుకుంటారు. క్యూ ఒప్పుకోదు. రెండిట్లో ఒకటే పెట్టుకోండి. అంతర్వేదిలోనైతే భీష్మ ఏకాదశి రథం దగ్గర్నుంచి మాఘ పౌర్ణమి దాకా తీర్థం జనం. ఆ వారం అక్కడికి చంద్రుడి కోసం వెళ్లకండి.

గ్రహణం ఉందేమో కూడా చూసుకోండి. 2026 మార్చి 3 అలాంటి పౌర్ణమి: మన దగ్గర చంద్రుడు లేచే వేళకే పాక్షిక గ్రహణం, విడుపు 6:47కి. చూడటానికి అద్భుతమే, కానీ జట్టులో సగంమంది విడుపు దాకా తినరు. పులిహోర ఎప్పుడు విప్పాలన్నది బయల్దేరేముందే మాట్లాడుకోండి.

2. హైదరాబాదు టైము వాడకండి

పేపర్లో, టీవీలో, చాలా క్యాలెండర్లలో వచ్చే వేళలు హైదరాబాదువి. హైదరాబాదు 78.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది, కాకినాడ 82 దాటి ఉంది. డిగ్రీకి 4 నిమిషాల లెక్కన మనకి చంద్రుడు పావుగంట ముందే లేచేస్తాడు. దేశం మొత్తానికి గడియారం దిద్దే 82.5 డిగ్రీల గీత కాకినాడ పక్కనుంచే పోతుంది. అలాంటి ఊళ్లో ఉండి హైదరాబాదు టైముకి వస్తే, గట్టెక్కేసరికి చంద్రుడు తాటిచెట్టు మీద ఉంటాడు. విజయవాడ పంచాంగమైతే తేడా ఐదారు నిమిషాలే, పర్వాలేదు.

సరిచూసుకోడానికి డెల్టాలో పొద్దుకుంకే వేళలు ఉజ్జాయింపుగా: నవంబరు మధ్యలో 5:25, జనవరి మధ్యలో 5:45 దాటి, ఫిబ్రవరి మధ్యలో 6:05, జూన్ చివర 6:35. మీరు చూస్తున్న యాప్ వీటికి పది నిమిషాలు దూరంగా చెబుతోందంటే అందులో ఊరు తప్పు పెట్టి ఉంది.

3. గట్టు ఎంచుకోండి

సూత్రం ఒక్కటే: నీళ్లు మీకు తూర్పున ఉండాలి. అంటే మీరు నదికి పడమటి గట్టున ఉండాలి.

రాజమండ్రి వాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. పుష్కర ఘాట్ మెట్ల మీద కూర్చుంటే ముఖం పడమరకి ఉంటుంది. సూర్యాస్తమయానికి అంత మంచి చోటు లేదు. చంద్రుడు మాత్రం మీ వీపు వెనక, ఊళ్లో మేడల వెనకనుంచి ఎప్పుడో బయటికొస్తాడు. వంతెన దాటి కొవ్వూరు గోష్పాద క్షేత్రం రేవుకి వెళ్లండి. ఎదురుగా నది, అవతల రాజమండ్రి దీపాలు, వాటి మీదనుంచి చంద్రుడు. అక్కడ గోదావరి రెండు కిలోమీటర్ల పైనే వెడల్పు కాబట్టి అవతలి మేడలు ఎంత పెద్దవైనా రెండు మూడు నిమిషాలకు మించి ఆపలేవు.

ఇదే లెక్క గోదావరి పాయ వశిష్ఠ మీద కిందిదాకా. దిండి నుంచి చూస్తే నది పడమరన ఉంటుంది, అది సూర్యాస్తమయపు గట్టు. ఎదురుగా ఉన్న చించినాడ వైపు వెళ్లండి. సిద్ధాంతం గట్టు మంచిది. నరసాపురంలో వలంధర రేవు మంచిది, అవతల సఖినేటిపల్లి మీదుగా లేస్తాడు.

వంతెనల మీద మాత్రం బండ్లు ఆపి చూడకండి. రావులపాలెం, సిద్ధాంతం, చించినాడ, ఎదుర్లంక... ఎక్కడైనా సరే. లారీ డ్రైవరుకి మీరు పున్నమి చూస్తున్నారని తెలియదు.

నది దగ్గర్లో లేకపోతే పొలాలున్నాయి. సార్వా కోతలయ్యాక గానీ దాళ్వా నాట్లప్పుడు గానీ తూర్పు వైపు మైలు దూరం ఖాళీగా కనబడే పంటకాలవ గట్టు ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది. నాట్ల వేళ మడుల్లో నీళ్లుంటాయి, చంద్రుడు రెండుసార్లు లేచినట్టే. పొలం గలవాళ్లని ముందుగా ఓ మాట అడగండి. రొయ్యల చెరువుల గట్లు చూడటానికి బాగుంటాయి గానీ నేను వద్దనే చెబుతాను: ఏరియేటర్లకి లాగిన కరెంటు వైర్లు గట్టు పొడవునా పడి ఉంటాయి, తడినేల, చీకటి, పిల్లలు.

మేడ మీదనుంచి చూడొచ్చా అని అడుగుతారు. మూడంతస్తుల మేడ, తూర్పున సెల్ టవర్ తప్ప ఏమీ లేకపోతే, నిక్షేపంగా.

4. ఆ నెలలో ఏ దిక్కున లేస్తాడో చూసుకోండి

చంద్రుడు ఎప్పుడూ సరిగ్గా తూర్పునే లేస్తాడనుకోవడం పెద్ద పొరపాటు. చలికాలపు పున్నమి ఈశాన్యం వైపు, ఎండాకాలపు పున్నమి ఆగ్నేయం వైపు జరుగుతుంది, సూర్యుడికి సరిగ్గా తిరగేసి. చెయ్యి బారజాపి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు సుమారు 10 డిగ్రీలు. తూర్పుకి తిరిగి నిలబడి ఆ పిడికిలితో కొలవండి.

- మార్గశిరం, పుష్యం: ఎడమకి రెండున్నర పిడికిళ్లు
- కార్తీకం: ఎడమకి రెండు. మాఘం: ఒకటిన్నర
- ఆశ్వయుజం: ఎడమకి అర నుంచి ఒకటి
- ఫాల్గుణం, భాద్రపదం: ఇంచుమించు నడితూర్పు
- చైత్రం: కుడికి ఒకటి. వైశాఖం: రెండు
- జ్యేష్ఠం, ఆషాఢం: కుడికి రెండున్నర

ఏడాదిని బట్టి అర పిడికిలి అటూ ఇటూ. శ్రావణం రాయలేదు, ఆ నెలలో మబ్బు లేని సాయంత్రం దొరికితే ఎటు తిరిగైనా చూసుకోండి.

ఈ పట్టిక అసలు పనికొచ్చేది సముద్రం ఒడ్డున. అంతర్వేది నుంచి ఓడలరేవు మీదుగా సాగే తీరం నడితూర్పుకి చూడదు, దక్షిణ ఆగ్నేయానికి చూస్తుంది. అందుకే మార్గశిర, పుష్య మాసాల్లో అక్కడికి వెళ్తే చంద్రుడు సముద్రంలోంచి లేవడు. మీ ఎడమచేతి వైపు సరుగుడు తోటల వెనకనుంచి లేస్తాడు. "సముద్రంలోంచి వస్తాడని తీసుకొచ్చావు, ఏడీ?" అని జట్టంతా జట్టుపెద్ద మీద పడతారు. కార్తీకంలో దాదాపు ఒడ్డు వెంబడే లేస్తాడు, మాఘంలో కొంచెం నీళ్ల మీదకి జరుగుతాడు. సముద్రంలోంచే చూడాలంటే ఫాల్గుణం నుంచి జ్యేష్ఠం దాకా వెళ్లండి. చలికాలంలోనే సముద్రం కావాలంటే ఉప్పాడ వైపు వెళ్లాలి. అక్కడ తీరం ఈశాన్యానికి సాగిపోతుంది కాబట్టి పుష్య పున్నమి కూడా నీళ్ల మీదే. కాకపోతే ఉప్పాడలో సముద్రం ఒడ్డుని కోసేస్తోంది, అలలు బీచి రోడ్డు మీదకే వస్తాయి. రాళ్ల మీద కూర్చోవద్దు.

5. ఒకరోజు ముందు వెళ్లి చోటు చూసి రండి

జట్టంతా అక్కర్లేదు, ఇద్దరు చాలు. వెళ్లి మూడు చూడండి.

ఒకటి, అడ్డు ఎంతుందో. చంద్రుడు లేవాల్సిన దిక్కున చెట్ల మొదలు దగ్గర పిడికిలి ఆనించి కొలవండి. చాపిన చేతి చిటికెనవేలు వెడల్పు ఒక డిగ్రీ. చంద్రుడు ఆ ఎత్తు ఎక్కడానికి 4 నిమిషాల పైన పడుతుంది. పిడికిలంత ఎత్తు చెట్లుంటే 40 నిమిషాలు కాచుకోవాలి. కోనసీమ తోటల మధ్య ఇది మామూలే. రెండు వేళ్లకి మించి అడ్డుంటే చోటు మార్చండి.

రెండు, మెట్లు, గట్టు ఎలా ఉన్నాయో. రేవుల్లో అడుగు మెట్లు పాచిపట్టి ఉంటాయి. ఏ మెట్టు దాటి దిగకూడదో అప్పుడే నిర్ణయించుకోండి.

మూడు, బండ్లు ఎక్కడ పెడతారు, తిరుగుదారి ఎటు. అంతర్వేదికి నరసాపురం మీదుగా పంటు (నది దాటించే పెద్ద పడవ) ఎక్కి వెళ్లేవాళ్లు ఆఖరి పంటు ఎన్నింటికో రేవులో అడిగి తెలుసుకోండి. అది పోతే పాలకొల్లు, చించినాడ వంతెన చుట్టి రావాలి.

6. నీళ్ల విషయం

ఇక్కడ కాస్త కటువుగానే చెబుతాను. చంద్రుణ్ని చూడటానికి నీళ్లలో దిగనవసరం లేదు. ఎవర్నీ దిగనివ్వకండి.

సముద్రం దగ్గర: పౌర్ణమికీ అమావాస్యకీ పోటు మామూలుకంటే పెద్దది. పొద్దున ఆరిపోయి ఉన్న ఇసుక సాయంత్రానికి నీళ్లలో ఉండొచ్చు. మొగ దగ్గర, అంటే నది సముద్రంలో కలిసేచోట, ఇసుకతిన్నెల మీదకి నడిచివెళ్లి చూద్దామనే ఉబలాటం అందరికీ ఉంటుంది. అంతర్వేదిలో అన్నాచెల్లెళ్ల గట్టు చూడనిదే కొందరికి తోచదు. పోటు మొదలైతే వెనకదారి మునుగుతుంది. ఆ పూట పోటు ఎన్నింటికో, పాటు ఎన్నింటికో వేటకి వెళ్లేవాళ్లని అడగండి, వాళ్ల మాటే వినండి. ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార కేంద్రం) వాళ్లు అలల హెచ్చరిక ఇచ్చి ఉంటే ఆ రోజు సముద్రం మాట మర్చిపోయి ఏదో ఒక కాలవ గట్టు చూసుకోండి.

నది దగ్గర: ఇసుక తవ్విన గోతులు పైకి కనబడవు. మోకాలి లోతు నీళ్లలో నడుస్తూ నడుస్తూ మనిషి లోతు గోతిలో పడిపోతారు. ఈత వచ్చినవాళ్లూ మునుగుతారు, ధైర్యంతో దిగేది వాళ్లే కాబట్టి. జులై, ఆగస్టుల్లో వరద ఉంటుంది. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటిదానికే మానేయండి.

పడవ: చీకటిపడ్డాక ఎక్కవద్దు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర బోటు మునిగింది పట్టపగలు. నదిలోంచి చంద్రోదయం బాగుంటుందన్నది నిజమే, గట్టు మీదనుంచీ బాగుంటుంది.

పొలం గట్లయితే చెప్పులు కాదు, బూట్లు. కట్లపాము తిరిగేది రాత్రిళ్లే. టార్చి వేసి, అడుగు గట్టిగా వేస్తూ నడవండి.

7. జనాన్ని కదిలించడం

చెప్పిన టైముకి ఎవరూ రారు. చంద్రోదయం 6:20 అయితే జట్టుకి "5:15కి గట్టు మీద ఉండాలి" అని చెప్పండి, 5:45కి వస్తారు. పొద్దుకుంకడం కూడా చూపించాలి, దాని పని కింద ఉంది.

బయల్దేరేటప్పుడు తలలు లెక్కపెట్టండి. పిల్లల్ని పెద్దవాళ్లకి పంచేయండి, ఒకరికి ఇద్దరికి మించకుండా. "అందరూ చూసుకుంటారులే" అంటే ఎవరూ చూడరు. ట్రాక్టరు తొట్టిలో జనాన్ని ఎక్కించడం మన దగ్గర అలవాటే గానీ రాత్రి తిరుగు ప్రయాణానికి అది వద్దు, ఆటోలు మాట్లాడుకోండి. ఆటో అతన్ని అక్కడే ఉండమనండి, అతనికీ ఓ పులిహోర పొట్లం ఇవ్వండి.

స్పీకరు పెట్టి పాటలు వెయ్యాలా వద్దా అన్నది మీ ఇష్టం. నేనైతే చంద్రుడు కనబడేదాకా ఆపమంటాను, ఎందుకంటే పాట మోగుతుంటే జనం ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు, తూర్పు చూడరు.

8. గట్టు మీద: చూడటం

సూర్యుడు కుంకబోయే ముందు అందర్నీ ఓ క్షణం లేపి, సూర్యుడికి వీపు పెట్టి నిలబడమనండి. నీడ పొడుగ్గా సాగి ఏ వైపు చూపిస్తుందో, చంద్రుడు లేచేది ఆ వైపే. దిక్సూచి అక్కర్లేదు, పట్టిక అక్కర్లేదు. ఇసుకలో ఆ నీడ వెంబడి గీత గీయండి, అవతలి గట్టున గీత ఎదుటికి వచ్చిన చెట్టునో గుడి గోపురాన్నో గుర్తుపెట్టుకోండి. తిథి ముగిసే వేళకి దగ్గరి సాయంత్రమైతే అర పిడికిలి తేడాలో దొరుకుతాడు. మర్నాటి సాయంత్రమైతే పిడికిలి దాకా తేడా రావొచ్చు. పిల్లలకి దీన్ని పందెంగా పెట్టండి, ఎవరి గీతకి దగ్గరగా లేస్తే వాళ్లకి మొదటి బైనాక్యులర్ వంతు.

పొద్దుకుంకిన ఐదు పది నిమిషాలకి తూర్పున నేలని ఆనుకుని బూడిదనీలం పట్టీ ఒకటి, దాని మీద గులాబీ పట్టీ ఒకటి కనబడతాయి. ఆ నీలం భూమి నీడ. మన జట్టుల్లో దీన్ని చూసేవాళ్లు పదిమందికి ఒక్కరు, ఎందుకంటే అందరూ అప్పుడింకా పడమర ఫోటోలు తీసుకుంటూ ఉంటారు. ఇటు తిప్పండి.

వేళ అయ్యింది, చంద్రుడు లేడు. కంగారుపడకండి. యాప్ చెప్పేది అంచు నేలని తాకే నిమిషం. మన తీరంలో నేలని ఆనుకుని ఎప్పుడూ కాస్త మసక ఉంటుంది, దానిలోంచి బయటపడడానికి ఐదు నుంచి పదిహేను నిమిషాలు పడుతుంది. మొదట కనబడేది మీరనుకున్న వెండిపళ్లెం కాదు. మసకలో మురికి ఎరుపు మరక, ఒక్కోసారి పైసగమే. ఎక్కడో గడ్డి తగలబడుతోందని కూడా అనుకుంటారు. అదే అతను. అంచు నుంచి అంచు దాకా పూర్తిగా పైకి రావడానికి రెండు నిమిషాల పైన పడుతుంది, అంతే. ఆ రెండు నిమిషాలు ఫోన్లు కింద పెట్టించండి.

లేచాక నిటారుగా ఎక్కడు, కుడికి వాలుతూ ఎక్కుతాడు. చెట్ల అడ్డు పిడికిలంత ఉంటే, గీతకి కుడిపక్కగా పిడికిలిలో మూడోవంతు జరిగి చూడండి.

ఫోటోకి: చంద్రుడి మీద వేలు పెట్టి, వెలుతురు తగ్గించే గుర్తుని కిందికి లాగండి. ఫ్లాష్ ఆపండి. జూమ్ ఎక్కువ చేస్తే తెల్ల ముద్ద వస్తుంది. పక్కన తాటిచెట్టో పడవో ఉండేలా తీయండి. ఐదు నిమిషాలు ఇచ్చి, చాలనండి.

సరిగ్గా చూశారో లేదో ఎలా తెలుస్తుంది

మీరు రాసుకున్న వేళకి, మొదట కనబడ్డ వేళకి తేడా చూడండి. పది నిమిషాల లోపైతే చోటు మంచిది, మళ్లీ అక్కడికే రావచ్చు. అరగంట దాటితే చెట్ల అడ్డు కొలవడం తప్పింది, లేదా హైదరాబాదు టైమో తప్పు గట్టో అయి ఉంటుంది.

"ఎంత పెద్దగా ఉన్నాడో!" అని అందరూ అంటారు. కొలవండి. చెయ్యి బారజాపి చిటికెనవేలు అడ్డం పెట్టండి, పూర్తిగా దాక్కుంటాడు, ఇంకా చోటు మిగులుతుంది. మూడు గంటల తర్వాత ఇంటి దగ్గర, నడినెత్తికి ఎక్కుతున్నప్పుడు మళ్లీ పెట్టండి, అంతే ఉంటాడు. పెద్దగా కనబడేది కంటి మాయ. నమ్మని పిల్లల్ని వంగి కాళ్ల సందులోంచి చూడమనండి, చిన్నవాడైపోతాడు. పెద్దవాళ్లు ప్రయత్నించవద్దు, నడుము పడుతుంది.

మళ్లీ మళ్లీ జరిగే పొరపాట్లు

తెల్ల టార్చి ముఖాల మీద వేయడం. ఒక్కడు వేస్తే పదిమంది కళ్లు పది నిమిషాలు పనికిరావు.

తిండి ముందే విప్పడం. ఆకులు చేతిలో ఉండగా చంద్రుడు లేస్తాడు, సగంమంది "ఏదీ, ఏదీ" అంటూ ఆలస్యంగా తలెత్తుతారు. చంద్రుడు రెండు పిడికిళ్లు ఎక్కాక పెట్టండి, టార్చి కూడా అక్కర్లేదు.

పైన ఆకాశం శుభ్రంగా ఉందని బయల్దేరడం. నెత్తిమీద కాదు, తూర్పున నేలని ఆనుకుని చూడాలి. సముద్రం మీద దూరంగా ఉన్న మబ్బు బారు అక్కడ గట్టులా నిలబడి ఉంటుంది. మధ్యాహ్నం మూడింటికి వాతావరణశాఖ ఉపగ్రహ చిత్రం చూడండి. బంగాళాఖాతం మీద మన ఎదుట తెల్లగా ఉంటే ఆ సాయంత్రం చంద్రుడు ఆలస్యంగా, మబ్బు పైనుంచి వస్తాడు.

మబ్బు పడితే వెంటనే లేచి వచ్చేయకండి, గంట ఆగండి. చలికాలంలో మబ్బు సన్నగా ఉంటుంది, తరచుగా తేలిపోతుంది. వాన ఉరుము ఉంటే మాత్రం గట్టు మీద, తాటిచెట్టు కింద ఒక్క నిమిషం కూడా ఉండవద్దు. మర్నాటి సాయంత్రానికి వాయిదా వేయొచ్చు: చంద్రుడు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా లేస్తాడు, కంటికి తేడా తెలియదు. అందుకే ఆటో మాట్లాడేటప్పుడే "రేపైనా వస్తావా" అని అడిగి పెట్టుకోండి.

తిరిగి వచ్చేటప్పుడు బండి ఎక్కకముందే తలలు మళ్లీ లెక్కపెట్టండి. ఎక్కాక లెక్కపెడితే ముందు ఆటోలో ఉన్నాడనుకున్నవాడు వెనక ఆటోలోనూ ఉండడు. ఆకులు, సీసాలు గోనెసంచిలోకి. రేవు మెట్ల మీద వదిలేసింది తెల్లారేసరికి గోదాట్లో ఉంటుంది.